నాలుగో బెంచీ

ఆ వేసవిలో మా ఇంట్లో మొదటి గొడవ క్యాలెండరు గురించి వచ్చింది.

మా అత్త మహాలక్ష్మమ్మకి పొద్దున్న లేవగానే, ముఖం కడుక్కోకముందే, క్యాలెండరు చూసే అలవాటు. అక్షరాలు రావు. అంకెలు మాత్రం బస్సు నంబర్ల కోసం నేర్చుకుంది. అమావాస్యకి నల్ల సున్న, పౌర్ణమికి తెల్ల సున్న కాబట్టి మిగతా తిథులు తనే లెక్క కట్టుకుంటుంది. ఆ రోజు లేచి చూస్తే మేకుకి క్యాలెండరు లేదు. దాని చోట పెద్ద అట్ట వేలాడుతోంది. అట్ట నిండా అంకెలు.

"ఓలమ్మీ హైమా, నా కేలండరేదే?"

"బీరువా ఎనకాల పెట్టినానమ్మా. గోడకి ఒక్క మేకే ఉన్నాది."

"ఒక్కటే ఉంటే? నీ లెక్కలకి నా దేవుడి మేకే కావల్సొచ్చిందేటి?"

"దేవుడు బీరువా ఎనకాల కూడా ఉంటాడు."

"నోరు ముయ్యి. ఏకాదశి ఎప్పుడో నాను ఎందులో సూడాల? ఇందులోనా?" అత్త అట్ట దగ్గరికి వెళ్ళి ఒక అంకె మీద వేలు పెట్టింది. "రెండొందల యాబై అయిదట. ఇది ఏ తిథే? ఏ నెల్లో వస్తాది?"

నేను వంటింట్లోంచి పొత్రం పట్టుకొచ్చి, పక్కనే ఇంకో మేకు కొట్టి, క్యాలెండరు తగిలించాను. గోడ పెచ్చు ఊడి అత్త పక్క మీద పడింది. ఆ పెచ్చుకి తల్లీ కూతుళ్ళిద్దరూ కలిసి నన్ను అన్నారు.

హైమ మా ఆయన చెల్లెలు. నేను ఈ బెంగాలీ రేవు ఊళ్ళో, మెటియాబ్రుజ్‌లో ఈ సందుకి కాపురానికి వచ్చేటప్పటికి ఎనిమిదేళ్ళ పిల్ల. ఇప్పుడు ఇరవై మూడు. బి.ఎస్‌సి. అయ్యాక ఏడాది పాటు ఖిదిర్‌పూర్‌లో కంప్యూటర్లని ఒకదానితో ఒకటి కలిపే చదువు చదివింది. ఒక్కతే కాదు. మా సందులోని తెలుగు పిల్లలు ఎనిమిది మంది కలిసి చేరారు. చేర్పించింది గవరయ్య మావ.

గవరయ్య మావ డాక్‌లో మా వాళ్ళ గ్యాంగుకి పాతికేళ్ళు సర్దారుగా, అంటే మేస్త్రీగా, చేశాడు. ఓడ అడుగులోంచి బస్తాలు కొక్కేలతో పైకి తీసే గ్యాంగు అది. కంటెయినర్లు వచ్చాక ఆ పని సగానికి సగం పోయింది. మా ఆయన గోవిందరాజు బరువులెత్తే వించి నడుపుతాడు. ఆ ఏడాది నెలకి పది రోజులు ఓడ దొరికితే గొప్ప. మిగతా రోజుల్లో హాజరు పలికి వెనక్కి వచ్చి, చొక్కా విప్పి, చాప మీద గోడకి ఆనుకుని కూర్చునేవాడు. ఏమీ అనేవాడు కాదు. ఏమీ అనని మనిషి చుట్టూ ఊడవడం, తుడవడం ఎంత అలసటో నాకు ఆ రోజుల్లో తెలిసింది.

"కొక్కేలు పోనాయి. ఇంక తీగలే," అని గవరయ్య మావ తనే తిరిగి ఇన్‌స్టిట్యూట్ వెతికాడు. ఓడకి గ్యాంగుని రాయించినట్టే ఎనిమిది మందినీ ఒకే బ్యాచిగా రాయించాడు. పరీక్ష ఆరుగురు మొదటిసారే పాసయ్యారు, ఇద్దరు తప్పారు. ఆ ఇద్దరూ గట్టెక్కేదాకా మిఠాయి పంచనివ్వలేదు.

ఆ మొదటి సర్టిఫికెట్ అందరికీ ఒక్కటే. దాని తరవాత దారి చీలుతుంది. ఊరికీ ఊరికీ మధ్య వేసే పెద్ద తీగల పని ఒకటి. తీగే లేకుండా గాలిలో పంపడం ఒకటి. ఆఫీసుల్లో ఫోన్లన్నీ కంప్యూటరు తీగలోంచే నడపడం ఇంకొకటి, దాన్ని వాయిస్ అంటారు. బయటివాళ్ళు లోపలికి చొరబడకుండా కాచే సెక్యూరిటీ నాలుగోది. ఏదో ఒకటి పట్టుకోవాలి. పట్టుకున్నాక మూడు నాలుగేళ్ళు అందులోనే ఉంటేనే మనిషికి విలువట. మధ్యలో మారితే మళ్ళీ మొదటి మెట్టు.

ఏప్రిల్ చివర్లో ఒక సాయంత్రం గవరయ్య మావ మా ఇంటికి వచ్చి, ఆ నిర్ణయం జరిగిపోయిందని చెప్పాడు.

"వాయిసు," అన్నాడు, టీ గ్లాసు అందుకుంటూ. "మా సోములు ముప్పై ఏళ్ళు టెలిఫోను ఎక్స్‌ఛేంజిలో సేసినాడు. ఆడే సెప్పినాడు. ఓడ వచ్చినా రాకపోయినా ఫోను మోగాల్సిందే. మడిసన్నోడు మాటాడక మానడు."

బయట ఎన్నికల ఆటో మైకు పెట్టుకుని సందు మొదట్లో నిలబడి ఉంది. అది కదిలేదాకా అందరం నోరు మూసుకుని కూర్చున్నాం.

"అందరినీ అడిగారా మావా?" అన్నాను.

"గ్యాంగుని అడగడమేటి కోడలా? సర్దారు కేకేస్తే ముందున్నోడు 'హా' అంతాడు. ఒక్కడంటే ఎనమండుగురూ అన్నట్టే."

"ముందున్నది ఎవరు?"

"మా త్యాగరాజు."

హైమ గడప దగ్గర కూర్చుని చీర కుచ్చెళ్ళ మీది పిండి మరక గోకుతోంది. తల ఎత్తలేదు.

గవరయ్య మావ ఇంకో సంగతి కూడా చెప్పాడు. వాయిస్ లాబులో నాలుగే బెంచీలు, బెంచీకి ఇద్దరు. ఒకళ్ళు ఫోను చెయ్యాలి, రెండోవాళ్ళు ఎత్తాలి. ఒకళ్ళు తప్పు పెడితే రెండోవాళ్ళు వెతికి పట్టాలి. ఒంటరి మనిషిని చేర్చుకోరు. అందుకని జోడీలు కూడా తనే కట్టేశాడు. నాలుగో బెంచీకి త్యాగరాజు, హైమ.

"డాక్‌లోనూ ఇంతే కదా," అన్నాడు తృప్తిగా. "బస్తాకి రెండు కొక్కేలు. ఒక్కడు లాగితే బస్తా సిరుగుతాది."

మా పిల్లలిద్దరినీ సెలవులకి పలాసలో మా అమ్మ దగ్గరికి పంపేశాను. వాళ్ళు లేకపోతే కొంచెం నడుం వాలుస్తాననుకున్నాను. మధ్యాహ్నాలు హైమ తీసేసుకుంది. ఏడాదిగా అదే వరస. నేను కూడా లెక్కలు, ఫిజిక్సు చదివి డిగ్రీ తెచ్చుకున్నదాన్నే కాబట్టి, నమూనా ప్రశ్నలకి తను జవాబులు చెబుతూంటే పుస్తకం చివరి పేజీలు పట్టుకుని తప్పొప్పులు చూసేదాన్ని. పై అంతస్తులో దర్జీల మిషన్లు గరగర తిరుగుతూనే ఉంటాయి. కరెంటు పోతే ఆ మోత ఆగుతుంది, దానితో పాటు ఫ్యానూ ఆగుతుంది. ఏది నయమో చెప్పడం కష్టం.

వాయిస్ ప్రశ్నలు పాతిక చదివితే ఇరవై రెండు ఒప్పు చెప్పింది. ఎక్కడా తడుముకోలేదు. సంతకి వెళ్ళే దారి అడిగితే చెప్పినట్టు చెప్పేసింది. తరవాత ఆ పుస్తకం పక్కన పెట్టి, సంచీలోంచి ఇంకోటి తీసింది. సెక్యూరిటీది. ఎవరిదో జిరాక్సు.

అందులో పాతికకి పదిహేడే. కాని ప్రతి ప్రశ్నకీ ఆగుతోంది.

"ఇది తప్పు వదినా."

"పుస్తకంలో ఇదే రాసి ఉంది."

"పుస్తకం తప్పు. ఈ తలుపు ముయ్యమంటున్నాడు సరే, ముందు తెరిచి ఉన్నప్పుడు లోపలికి వచ్చినవాడి సంగతి? వాడు లోపలే ఉన్నాడు కదా. వాణ్ణి చూడకుండా తలుపు మూస్తే ఏం లాభం?"

వాయిస్ పుస్తకంతో ఎప్పుడూ ఇలా దెబ్బలాడలేదు. అది నేను చూశాను. చూసి ఊరుకోవలసింది.

"నీకు ఇది కావాలా?" అన్నాను.

కొంతసేపు జిరాక్సు కాగితాల మూలలు సర్దింది. "సాల్ట్ లేక్‌లో ఊరికి ఆ చివర ఒక చోట పరీక్ష రాశాను. ఇరవై మందినే తీసుకుంటారు. నాది పదిహేడో పేరు. జూన్ ఎనిమిదిన చేరాలి. ఫీజుకి నా ట్యూషన్ల డబ్బు ఉంది."

"రోజంతానా?"

"పొద్దున్న తొమ్మిది నుంచి సాయంత్రం ఆరు. రెండూ కుదరవు వదినా, అడక్కు. అన్నీ చూశాను."

"మరి చెప్పు, మావకి."

"మావకి చెప్పగలను. తిడతాడు, అంతే. త్యాగరాజుకి ఏం చెప్పను? నాలుగో బెంచీలో ఒక్కడూ కూర్చుంటే చేర్చుకోరు. ఇప్పుడు కొత్త మనిషి ఎవరు దొరుకుతారు?"

చింతపండు నానబెట్టడానికి లేచాను.

ఓట్ల లెక్కింపు అయిన మర్నాడు సన్యాసమ్మ వచ్చింది. సందులో గెలిచినవాళ్ళు చల్లిన పచ్చ గులాలు ఇంకా ఆమె కాళ్ళకి అంటుకునే ఉంది. కార్పొరేషన్లో చీపురు పని ఆమెది. ఆ రంగంతా పొద్దున్న తనే ఊడ్చింది. త్యాగరాజు ఆమె కొడుకు.

గడప అవతలే నిలబడింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"కిలాసు ముందు పేక్టీసుకి హైమ రెండు రోజులు రానేదట."

"కడుపు నొప్పి," అన్నాను.

"సాల్ట్ లేక్ బస్సెక్కితే తగ్గే నొప్పేటమ్మా?"

అత్త లోపల మంచం మీద దగ్గింది. వింటోంది.

"మావోడు మూడేళ్ళ నుండి కంట్రాక్టరు దగ్గర తీగలు లాగుతున్నాడు," అంది సన్యాసమ్మ. గొంతు పెంచలేదు. "ఈ ఫోన్ల సర్టిఫికేటు తెస్తే దసరా పూజల నాటికి పెర్మనెంటు సేస్తానన్నాడు ఆ బాబు. నోటి మాట కాదు, కాయితం మీద రాసిచ్చినాడు. ఇంకో సమ్మచ్చరం ఆగడంట. హైమకి సదువుంది. ఏ రోడ్డునెల్లినా బతుకుతాది. మావోడికి ఈ రోడ్డొకటే."

"నేను మాట్లాడతాను."

"మాటాడు. సదువుకున్నోళ్ళ ఇంట్లో మాట తప్పరని నాను అందరికీ సెప్తాను." వెళ్ళబోతూ ఆగి, "నీ మీద కోపం నేదమ్మా," అంది. ఆ మాట ఎందుకందో కాని, కోపం ఉందని చెప్పినదానికంటే ఎక్కువ తగిలింది.

ఆమె వెళ్ళాక అత్త మంచం మీంచే కేకేసింది. "ఆ గుంటని సాల్ట్ లేకు ఎవరెల్లమన్నారు? నువ్వేనేటి?"

"నేను కాదు."

"మరి నీకు ముందే ఎలా తెలిసింది?"

గడప దగ్గర రాలిన పచ్చ రంగు ఊడవడానికి చీపురు తీశాను.

తరవాతి సోమవారం తుఫాను వచ్చింది. పొద్దున్న గాలిగానే మొదలైంది. మధ్యాహ్నానికి మా వంటింటి మీది రేకు లేచి ఎక్కడికో పోయింది. ఖిదిర్‌పూర్ దగ్గర చెట్లు రోడ్డుకి అడ్డంగా పడ్డాయి. కరెంటు మూడు రోజులు లేదు, కుళాయి లేదు. సందు మొత్తానికి చేతిపంపు ఒక్కటే. మా ఆయనా నేనూ పొద్దున్నే చెరో రెండు బకెట్లతో వరసలో నిలబడేవాళ్ళం. పెళ్ళయిన ఇన్నేళ్ళలో మేమిద్దరం పక్కపక్కన అంతసేపు ఖాళీగా ఉన్నది ఆ వరసలోనే.

ఆ వరసలోనే హైమ సంగతంతా చెప్పాను. ఆయన విన్నాడు. ముందున్న ముసలమ్మ బకెట్టు నిండాక ఎత్తి పక్కన పెట్టాడు.

"మా నాయనకి కామెర్లొచ్చినప్పుడు నాకు పదహారేళ్ళు," అన్నాడు. "ఓడ సగంలో ఉన్నాది. నాయన జోడీ కూర్మయ్య. ఆడు మా ఇంటికొచ్చి గుమ్మంలో నిలబడినాడు. ఏమీ అన్నేదు. మా అమ్మ నా సేతికి కొక్కెం ఇచ్చింది."

"ఆయన బదులు, బదిలీగానా?"

"మడిసి మానేస్తే ఆ ఇంటినుండే బదిలీ ఎల్లాల. మనోళ్ళ గ్యాంగులో అంతే. ఆడికి నెల్రోజులు జోడీగా ఉన్నాను. బస్తా సిరగనేదు." బకెట్లు ముందుకి జరిపాడు. "సన్యాసమ్మ గుమ్మంలో నిలబడిందన్నావు కదా. కూకోనేదంటే అందుకే."

నాకు అప్పటిదాకా అర్థం కాలేదు. ఆమె తిట్టడానికి రాలేదు. ఆమె మనిషి కోసం వచ్చింది.

బుధవారం త్యాగరాజు కంట్రాక్టరు కబురు పెట్టాడు. డాక్ పక్కన ఒక సరుకుల ఆఫీసులో నీళ్ళు వచ్చి ఫోన్లన్నీ చచ్చిపోయాయి, ఎంతమంది ఉంటే అంతమందీ రావాలి. గవరయ్య మావ ఎనిమిది మందినీ పంపాడు. హైమ కూడా వెళ్ళింది. గురువారం సాయంత్రం తిరిగి వచ్చి, చెప్పులు విప్పకుండానే వంటింటి గుమ్మంలో కూలబడింది. మోకాళ్ళ దాకా బురద.

"త్యాగరాజుకి చెవి పెడితే చాలు వదినా," అంది. "కొత్త ఫోన్లు పాత తీగల్ని కలిసే చోట గరగరమంటుంది కదా, అది విని ఏ గది తీగ తడిసిందో చెప్పేస్తున్నాడు. ముప్పై గదులు. రెండు తప్పాడు. నేను టార్చి పట్టుకున్నాను, అంతే నా పని."

"మరి అంత ఆలస్యం?"

"ఆఖర్న దెబ్బలాట అయింది. పని బేగి తేలాలని కంట్రాక్టరు మనిషి బయటినుంచి కంప్యూటర్లలోకి వచ్చే దారులన్నీ తెరిచి పెట్టేశాడు. ఎవడైనా రావచ్చు. ముయ్యమన్నాను. ఫోను మోగుతోందా లేదా, మోగుతోంది కదా, లే అన్నాడు. నేను లేవలేదు."

"అయ్యో. అప్పుడు?"

"గంటన్నర కూర్చున్నాను. ఒక్కొక్కటీ చూసి మూసి లేచాను. అందరూ ఆకలితో ఉన్నారు. త్యాగరాజు కూడా నా మొహం చూళ్ళేదు."

"ఎన్ని ఉన్నాయి?"

"నలభై ఒకటి."

ఉజ్జాయింపుగా నలభై అనలేదు. అన్నం పెట్టాను. తింటూ తింటూనే గోడకి తల ఆనించి నిద్రపోయింది.

శుక్రవారం రేకు మేకులు కొనాలని చెప్పి ఖిదిర్‌పూర్ వెళ్ళాను. మేకులు కొన్నాను కూడా. తరవాత మిఠాయి దుకాణం పక్క మెట్లెక్కాను. ఇన్‌స్టిట్యూట్‌లో జనరేటరు నడుస్తోంది. పాఠం చెప్పే శుభంకర్‌దా ఒక్కడే ఉన్నాడు, తడిసిన పుస్తకాలు ఫ్యాను కింద ఆరబెట్టుకుంటున్నాడు. నా బెంగాలీ బజారు బెంగాలీ. బేరమాడడానికి తప్ప వాడనిది. దానితోనే అడిగాను, నాలుగో బెంచీలో హైమ బదులు ఇంకొకరు కూర్చోవచ్చా అని.

"ఎవరు బౌదీ?" ఇక్కడ వదినని అలాగే పిలుస్తారు.

"నేను."

నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. పుస్తకం ఒకటి తిరగేసి పెట్టాడు. "డిగ్రీ?"

"బి.ఎస్‌సి. లెక్కలు. తొంభై మూడులో."

"నూట తొంభై రెండుని ఒకట్లు, సున్నల్లో చెప్పండి."

"రెండు ఒకట్లు, ఆరు సున్నలు."

"ఎవరు నేర్పారు?"

"హైమ జవాబులు నేనే దిద్దుతాను."

రిజిస్టరు తీశాడు. "మొదటి సర్టిఫికెట్ లేకపోతే చివరి పరీక్షకి కూర్చోనివ్వరు. మీ చేతికి ఏ కాగితమూ రాదు. ఆ అబ్బాయికి మాత్రం వస్తుంది. అది తెలుసు కదా?"

"తెలుసు."

"మధ్యలో మానేస్తే అతని ఏడాది పోతుంది. పెద్దవాళ్ళు చేరతారు, ఇంట్లో ఎవరికో జ్వరం వస్తుంది, మానేస్తారు. చాలామందిని చూశాను."

"మా ఇంట్లో జ్వరాలు వస్తాయి," అన్నాను. "నేను మానను."

హైమ పేరు మీద ఒక గీత కొట్టి, పక్కన నా పేరు రాశాడు. ఫీజు కట్టేసే ఉంది కాబట్టి మార్చడానికి అది చాలన్నాడు. మెట్లు దిగుతూంటే నాకు సంతోషం ఏమీ కలగలేదు. వారానికి మూడు రోజులు, సాయంత్రం అయిదు నుంచి ఎనిమిది. పదకొండు వారాలు. ఆ ముప్పై మూడు సాయంత్రాలూ ఇంట్లో ఏ పని ఏ గంటకి జరగాలో లెక్క వేసుకుంటూ, ఎక్కవలసిన బస్సు ఎదురుగా పోతున్నా చూడకుండా నిలబడ్డాను.

ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. హైమకి కూడా. తను తన మాట తను చెప్పాలి. నేను ముందు చెబితే, నేను తోసినట్టవుతుంది.

ఆదివారం గవరయ్య మావా, త్యాగరాజూ వచ్చి వంటింటి మీద కొత్త రేకు వేశారు. భోజనానికి ఉండమన్నాను. మామిడికాయ పప్పు, రుయి చేప పులుసు. కరెంటు వచ్చింది కాని ఫ్యాను నీరసంగా తిరుగుతోంది. మగవాళ్ళు ముగ్గురూ చాప మీద, అత్త మంచం పక్కన పీట మీద, హైమ ఆవిడ పక్కన. నేను వడ్డిస్తున్నాను.

రెండోసారి అన్నం వేస్తూండగా హైమ చెప్పింది.

"మావా, నేను వాయిస్‌కి రాను. సాల్ట్ లేక్‌లో సెక్యూరిటీ బ్యాచిలో సీటు వచ్చింది. ఎనిమిదో తారీఖున చేరుతున్నాను."

గవరయ్య మావ ముద్ద పళ్ళెంలో పెట్టేశాడు. "ఓడ మధ్యలో జోడీని వొదిలీస్తావేటి?"

"ఇంకా ఓడ ఎక్కలేదు కదా. మన క్లాసు పదిహేనున."

"గ్యాంగు రాయించినాక ఎక్కినట్టే. నీ బాబు ఉంటే నీకీ మాట నోట్లోంచి వచ్చునా?"

"ఆ ఉద్యోగంలో రాత్రి డ్యూటీలంటగా," అంది అత్త. ఆవిడకి ఈ సంగతి ఎక్కడినుంచి తెలిసిందో. "అర్ధరాత్రి ఎలా వస్తావే?"

"కారు దింపుతుందమ్మా."

"ఈ సందులోకి కారెలా వస్తాది? రిక్షాయే అడ్డం తిరగదు."

"పోనీలే మావా," అన్నాడు త్యాగరాజు. ముల్లు తీసుకుంటూ, పళ్ళెం వైపే చూస్తున్నాడు. "ఆమెకి దాని మీదే బుద్ధి. మొన్న సూసినాను కదా. ఒక్క తలుపు కోసం అందర్నీ ఆకలితో సంపీసింది."

"నలభై ఒకటి," అంది హైమ.

"అదీ. నలభై ఒకటట."

"మరి నీ ఉద్దోగం ఏటవుతాదిరా?" అన్నాడు గవరయ్య మావ. త్యాగరాజు తీసిన ముల్లుని పళ్ళెం అంచున పెట్టి, ఇంకో ముల్లు కోసం వెతికాడు. ఎవరూ తినడం లేదు. నేను గరిటె పట్టుకుని మధ్యలో నిలబడ్డాను. నా మాట నాలిక చివర ఉంది.

మా ఆయన ముందు మాట్లాడాడు.

"మా ఇంటి మడిసి మానేసింది. మా ఇంటినుండే బదిలీ ఇస్తాం. నాను కూకుంటాను."

"నువ్వా?" అంది అత్త. "ఒరే గోవిందూ, సెల్లులో పేరు ఎతకమంటే పెళ్ళాన్ని కేకేస్తావు."

"ఫోను ఎత్తి అల్లో అనడానికి ఏ పరీచ్చ పాసవ్వాల? వించి మీద నాకు ఓడ అడుగు అవుపడదు. పైనున్నోడి సెయ్యి సూసి దింపుతాను. ఇరవై ఆరేళ్ళు ఎవడి నెత్తిమీదా పడెయ్యనేదు. త్యాగరాజు సెప్పినట్టు సేస్తాను."

గవరయ్య మావ నవ్వలేదు. తల పంకించి ఆలోచిస్తున్నాడు. ఆయన దృష్టిలో అది సరైన మాట. ఆ నిమిషం నేను ఊరుకుంటే అలాగే ఖాయమైపోయేది. నాకూ ఒక్క క్షణం హాయిగా అనిపించింది. ఊరుకుంటే ముప్పై మూడు సాయంత్రాలూ నావే.

"మీ పేరు పిలిస్తే ఓడకి పోవాలి," అన్నాను. "ఆ రోజు త్యాగరాజు ఎవరితో మాట్లాడతాడు?"

"పిలిస్తే సూద్దాం. పిలుస్తున్నారేటి?"

"పిలుస్తారు. పిలవాలి కూడా." పులుసు గిన్నె కింద పెట్టాను. "నేను కూర్చుంటాను. శుక్రవారం వెళ్ళి అడిగి వచ్చాను. పేరు రాసేశారు."

హైమ నావైపు చూసింది. తన చెయ్యి పళ్ళెంలోనే ఉండిపోయింది. త్యాగరాజు కూడా మొదటిసారి తల ఎత్తాడు.

"ఆడది బదిలీయేటి? ఎక్కడైనా ఉన్నాదా?" అంది అత్త.

"హైమ మొగోడా?" అన్నాడు గవరయ్య మావ విసుగ్గా. తరవాత నావైపు తిరిగాడు. కోడలితో మాట్లాడేటప్పటి గొంతు కాదది. "ఎన్నాళ్ళు ఉంటావు?"

"పదకొండు వారాలు. సోమ, బుధ, శుక్రవారాలు. అయిదు నుంచి ఎనిమిది."

"నీకు పరీచ్చ ఉన్నాదా?"

"లేదు. అతనికే."

ఆయన త్యాగరాజు కేసి చూశాడు. త్యాగరాజు తల ఊపాడు. దానితో అయిపోయింది. గవరయ్య మావ మళ్ళీ ముద్ద కలపడం మొదలుపెట్టాడు. సన్యాసమ్మకి తనే చెబుతానన్నాడు.

"అయితే రేత్రి అన్నం?" అంది అత్త.

దానికి నా దగ్గర జవాబు ఉంది. "నాలుగింటికల్లా వండేసి వెళ్తాను. పిల్లలు వచ్చాక వాళ్ళకి మీరు పెట్టండి. చారు ఆయన వేడి చేస్తారు."

మా ఆయన ముద్ద నోటి దగ్గర ఆపాడు. "స్టవ్వు ముట్టించడం నాకు రాదు."

"ఇంకా రెండు వారాలుంది," అన్నాను.